కొండ కుడివైపున ఉండవలెను

చలిని ఫోనుతో ఫోటో తీస్తే ఇకమీదట చెల్లదని శీతల దృశ్య వికాస మండలి వారు తీర్మానించిన ఏడాది, నా బీరువాకు మంచి రోజులొచ్చాయి.

మండలి అంటే మన్యంలో చలి బాగా పడే ఊళ్ళను జనానికి చూపించడం కోసం పెట్టిన సర్కారు సంస్థ. వాళ్ళ దగ్గరికి హైదరాబాదు నుంచి ఒక సలహాదారు వచ్చి, ఏసీ గదిలో తెర మీద బొమ్మలు వేసి, ఒక రహస్యం చెప్పి వెళ్ళాడట. చిన్న కెమెరాల్లో మంచు పడుతుంది గానీ చలి పడదట. చలి కూడా పడాలంటే మీడియం ఫార్మాట్ కెమెరా కావాలట. అప్పటికే ఆ గదిలో అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నారు కాబట్టి ఎవరూ కాదనలేదు. మర్నాడే ఉత్తర్వు వచ్చేసింది.

"శీతాకాల ప్రకృతి దృశ్యములకు సంబంధించిన సమస్త చిత్రణ, పరిశీలన, ధ్రువీకరణ మీడియం ఫార్మాట్ ద్వారానే జరగవలెను. వట్టి కంటితో చేసిన పరిశీలన చెల్లనేరదు."

మీడియం ఫార్మాట్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మామూలు ఫిల్ము కంటే వెడల్పాటి ఫిల్ము వాడే కెమెరా. బొమ్మ పెద్దగా పడుతుంది కాబట్టి గడ్డిపరక మీద మంచుబొట్టు కూడా తప్పించుకోలేదు. ఇప్పుడు ఫిల్ము లేకుండా కొత్తరకాలు కూడా వచ్చాయి. మండలి వారు వాటి ధర కనుక్కున్నారు. ఆ ధర చూశాక ఆ ఫైలు మళ్ళీ తెరవలేదు. అప్పుడెవరికో గుర్తొచ్చిందట, నర్సీపట్నంలో ఒక పాత స్టూడియోవాడి దగ్గర ఆ సైజు ఫిల్ము కెమెరా ఉండాలని.

ఆ పాతవాణ్ణి నేనే. పేరు దాడి సన్యాసినాయుడు, వెన్నెల ఫోటో స్టూడియో. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఆ కెమెరాతోనే తీశాను. ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళుంటాయి దానికి. పై కన్ను మనం చూడ్డానికి, కింది కన్ను ఫిల్ము కోసం. నెత్తిన మూత తెరిచి, పై నుంచి నుయ్యిలోకి చూసినట్లు తొంగి చూడాలి. దాని ముందు పెళ్ళికూతుళ్ళు సిగ్గుపడేవారు. ఇప్పుడు ఫోను ముందు ఎవరు సిగ్గుపడుతున్నారు? ఫోన్లొచ్చాక దాన్ని నాఫ్తలీన్ ఉండలతో బీరువాలో పెట్టి, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ బతుకుతున్నాను. మండలి జీపు నా స్టూడియో ముందు ఆగిన రోజున, నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది. నాకు తాత్కాలిక ఛాయాగ్రాహక సాధనాధికారి అని పదవి కూడా ఇచ్చారు. నా భార్య ఆ పేరు పూర్తిగా పలకలేక ఇప్పటికీ "ఏవండీ" అనే పిలుస్తోంది.

ఫోటో తీయవలసింది చలిపాడులో. ఘాట్ రోడ్డు ఎక్కి వెళ్తుంటే ఒక మలుపులో ఎడమవైపు కొండ నిలువుగా లేచి ఉంటుంది. కుడివైపు లోయ. తెల్లవారేసరికి లోయ నిండా మంచు పట్టి, పాలకుండ పొంగినట్లు రోడ్డు అంచుదాకా వచ్చేస్తుంది. కొండ మొదట్లో, రాతికి వీపు ఆనించుకుని, గెమ్మిలి చిలకమ్మ టీ కొట్టు. దాని పక్కన మండలి వారి స్వాగతం బోర్డు. కార్తీకం నుంచి పుష్యం దాకా టూరిస్టులు వచ్చే ఆ మూడు నెలల్లో చిలకమ్మ అమ్ముకున్న అల్లం టీయే మిగతా ఏడాదంతా ఆమె ఇంటికి చోడి అంబలి అవుతుంది. కొట్టు అక్కడే ఎందుకుందంటే వెనక రాయి గాలిని ఆపుతుంది. రోడ్డుకి అటువైపైతే పొయ్యి అగ్గిపుల్లంతసేపు కూడా నిలవదు.

మొదటి రోజు మండలి సభ్యులు ఏడుగురూ కోతి టోపీలు పెట్టుకుని వచ్చారు. ముందు కెమెరాకు పూజ జరిగింది. పై కన్నుకి ఒక బొట్టు, కింది కన్నుకి ఒక బొట్టు, స్టాండు మూడు కాళ్ళ కిందా మూడు నిమ్మకాయలు. హారతి పొగ లోపలికి పోకుండా నేను కెమెరాను ఒళ్ళో దాచుకున్నాను. బొట్లు తుడిచి, స్టాండు మీద నిలబెట్టి, గురి చూసి, ఇక బటను నొక్కబోతుంటే మండలి సంయుక్త సంచాలకులు తురగా సచ్చిదానందం గారు చెయ్యెత్తారు.

"ఆగండి సన్యాసినాయుడు గారూ. ఈ దృశ్యం మండలి పక్షాన వెళ్తుంది. సభ్యులు పరిశీలించి ఆమోదించనిదే మీటెలా నొక్కుతారు?"

"పన్నెండు ఫోటోలే వస్తాయి కదండీ ఒక రీలుకి. వృథా చేసే అధికారం మనకు లేదు" అన్నారు పక్కనున్న పీతాంబరం గారు. ఆయన మండలి సూపరింటెండెంటు. నిబంధనలన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

సరే, ఒక్కొక్కరే నెత్తిన నల్ల శాలువా కప్పుకుని, వంగి, కెమెరాలోకి తొంగి చూడటం మొదలుపెట్టారు. ఒకరి ఊపిరికి అద్దం మసకబారేది. నేను తుడిచేవాణ్ణి. ఇంకొకరు వచ్చి మళ్ళీ ఊపిరి విడిచేవారు. ఐదో సభ్యుడి వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది, మంచు ఎగిరిపోయింది. కింద లోయలో మూడు మేకలూ, ఒక సిమెంటు లారీ కనబడుతున్నాయి.

"మంచు ఏదీ?" అన్నారు సచ్చిదానందం గారు, నేనేదో జేబులో వేసుకున్నట్లు.

"వెళ్ళిపోయిందండి."

"పరిశీలన పూర్తి కాకుండానే?"

పీతాంబరం గారు తీవ్రంగా ఆలోచించి, "ముందస్తు సమాచారం ఇవ్వకపోవడం మన లోపమే సార్" అన్నారు. ఎవరికి ఇవ్వాలో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. అందరం చిలకమ్మ దగ్గర టీ తాగి కొండ దిగాం.

మర్నాడు చీకటితోనే వచ్చి, మంచు కదలక ముందే ఏడుగురూ చూసేశారు. సచ్చిదానందం గారు శాలువాలో చాలాసేపు ఉండిపోయారు. లోపల్నించి మాటలు మాత్రం వినబడుతున్నాయి. "అద్భుతం. కుడివైపు కొండ. దాని పాదం దగ్గర కుడివైపే ఒక గ్రామీణ తేనీటి కేంద్రం. ఎడమవైపు మేఘసముద్రం. అయితే ఈ టీ కొట్టు బోర్డేమిటయ్యా, ఒడియాలో ఉంది?"

నేను ఏం చెప్పను? పై కన్ను వెనక ఒక అద్దం ఉంటుంది. అద్దం ఏ పని చేస్తుందో ఆ పనే చేస్తుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. పెళ్ళిళ్ళలో వరుడు అద్దంలో కుడికి జరగాలంటే నేను చెయ్యి ఎడమకి ఊపేవాణ్ణి. అలవాటైపోయిన సంగతి కాబట్టి చెప్పాలని కూడా తోచలేదు. "మంచులో అలా కనబడుతుందండి" అన్నాను. అక్కడికక్కడే తీర్మానం రాసి, కొండ కుడివైపున ఉన్న దృశ్యాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. నేను బటను నొక్కాను. కొత్త సంవత్సరం కేలండర్‌లో పుష్యమాసం పేజీకి ఆ ఫోటో అన్నారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత నా డార్క్ రూములో ఎర్రలైటు వెలిగించాను. తొట్టిలో తెల్ల కాగితం మీద ముందు కొండ అంచు, తర్వాత కొట్టు, ఆ పైన పొయ్యి పొగ, ఒక్కొక్కటే మెల్లగా తేలుతుంటే నా వయసు ఇరవయ్యేళ్ళు తగ్గింది. మంచులో ఎన్ని రకాల తెలుపులుంటాయో అన్నీ వచ్చాయి. ఇంతకంటే మంచి ఫోటో నేను తీయలేదు, ఇక తీయలేను కూడా.

ఆ ఫోటో చూసి మండలి సమావేశ మందిరం నిశ్శబ్దమైపోయింది. మెచ్చుకోవడానికి మాటలు చాలక మూగబోయారనుకుని నేను వినయంగా నేల చూపులు చూస్తున్నాను.

"కొండ ఎడమవైపుంది" అన్నారు సచ్చిదానందం గారు.

"అవునండి. అక్కడ ఎడమవైపే ఉంటుంది."

"మేము ఆమోదించినది కుడివైపు."

నేను అద్దం సంగతంతా వివరించాను. కాగితం మీద గీసి చూపించాను. పీతాంబరం గారు ఓపికగా విని, "నేను రోజూ అద్దంలో చూసుకునే గడ్డం గీసుకుంటానండి. ఒక్కనాడూ నా చెవి ఎడమదో కుడిదో అనుమానం రాలేదు" అన్నారు.

"పోనీ, కొండని మరోసారి చూసి రండి. ఏ వైపుందో తెలుస్తుంది కదా" అన్నాను.

"వట్టి కంటితోనా?" అన్నారు ఆయన, నేనేదో అపచారం మాట్లాడినట్లు.

దాందేముంది, ఫిల్మును తిరగేసి పెట్టి ప్రింటు వేస్తే కొండ కుడివైపుకి వస్తుందని, ఆ పని కూడా చేసి తెచ్చాను. ఈసారి కొండ ఎక్కడుండాలో అక్కడే ఉంది. కానీ మండలి స్వాగతం బోర్డు మీద అక్షరాలన్నీ వెనక్కి తిరిగి నిలబడ్డాయి. అధికార భాషకు అవమానమన్నారు. సంచాలకుల పేరు కూడా ఆ బోర్డు మీద ఉండటంతో ఆ ప్రింటు అక్కడే చించేశారు.

నేనింకా పట్టు వదల్లేదు. మలుపు దాటి పై నుంచి కిందికి చూస్తూ తీస్తే కొండ దానంతటదే కుడివైపుకి వస్తుంది. సభ్యులను అక్కడికి తీసుకెళ్ళాను. శాలువా కప్పుకుని తొంగి చూశారు. కెమెరాలో కొండ ఎడమవైపు కనబడింది. "ఆమోదించిన దానికి విరుద్ధం" అని వెనక్కొచ్చేశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఒక్కరితో వాదించవచ్చు. ఏడుగురూ కలిసి తీర్మానం చేసిన కుందేలుతో ఎవరు వాదిస్తారు?

ఆ సాయంత్రం పీతాంబరం గారు నివేదిక చదివారు. "ఆమోదిత దృశ్యము సరియైనది. సాధనము సరియైనది. సాధనాధికారి పైకి సరిగానే కనబడుచున్నాడు. కావున లోపము స్థలములో ఉన్నది."

స్థలాన్ని తీర్మానానికి అనుగుణంగా సవరించాలని నిర్ణయమైంది. మొదటి దశలో టీ కొట్టునూ, బోర్డునూ రోడ్డుకి ఎడమవైపు నుంచి కుడివైపుకి మారుస్తారు. కొండను రెండో దశలో పరిశీలిస్తారు.

"అటువైపు లోయ కదండీ! నేలే లేదు" అన్నాను.

"స్థలాభావం గురించి లబ్ధిదారు దరఖాస్తు పెట్టుకోవచ్చు" అన్నారు సచ్చిదానందం గారు. ఆయన చెడ్డవాడు కాడు. చిలకమ్మ టీ అంటే ఆయనకి ప్రాణం. తీర్మానం కంటే కాస్త తక్కువ ప్రాణం, అంతే.

నోటీసు నన్నే ఇచ్చి రమ్మన్నారు. చిలకమ్మకు చదివి వినిపించాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"లోయలో పెట్టమంటన్నారా బావూ కొట్టు?" అంది.

"అంచున అంటున్నారు."

"అంచునేటుంది, గాలి తప్ప? నా పొయ్యి ఎలిగితే కదా టీ అయ్యేది. ఈ మూడు నెల్లూ పోతే మరేటి తింటాం మేము? నానేటి తప్పు సేసినాను?"

"నువ్వు కాదే. తప్పంతా ఈ పెట్టెలో అద్దానిది."

"ఏదీ, నన్నూ సూడనియ్యి."

మూత తెరిచి చూపించాను. ఆమె తొంగి చూసి, కుడిచెయ్యి కెమెరా ముందు ఆడించి, పకాలున నవ్వింది. "ఓలమ్మో! నా గాజుల సెయ్యి ఎడమ సెయ్యయిపోనాది. రేపు గాజులు కూడా ఈ సేతికి మార్సెయ్యమంటారేటి?" అంతలోనే నవ్వు ఆగిపోయింది. "నువ్వు తీసిన పోటో వల్లే కదా బావూ ఇదంతా. నువ్వే ఏదోటి సెయ్యాల."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. జీవితంలో ఒక్క మంచి ఫోటో తీస్తే అది ఒకరి పొయ్యి ఆర్పడానికి పనికొచ్చింది. కెమెరా తీసుకెళ్ళి మళ్ళీ నాఫ్తలీన్ ఉండల్లో పెట్టేద్దామనుకున్నాను. నేను పెట్టేసినంత మాత్రాన తీర్మానం ఆగుతుందా? ఆ రాత్రి ఉత్తర్వు తీసి మళ్ళీ చదివాను. పరిశీలన, ధ్రువీకరణ మీడియం ఫార్మాట్ ద్వారానే జరగవలెను. రెండోసారి చదివాక హాయిగా నిద్రపట్టింది.

సోమవారం పొద్దున్నే కొట్టు తరలింపు. మలుపులో జేసీబీ వచ్చి నిలబడింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే జేసీబీ చెయ్యి మొదలు కనబడుతోంది గానీ కొస కనబడటంలేదు. చిలకమ్మ గిన్నెలు సర్దలేదు. పొయ్యి కూడా ఆర్పలేదు. జేసీబీ డ్రైవరుకి టీ ఇచ్చింది. వాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తను కూలగొట్టబోయే కొట్టులోనే చలి కాచుకుంటున్నాడు.

మండలి జీపులు దిగేసరికి నేను మామూలు చోటనే కెమెరా నిలబెట్టి శాలువా పట్టుకుని ఉన్నాను.

"ఏమయ్యా, కొట్టు కుడివైపుకి మారిందా?" అన్నారు సచ్చిదానందం గారు చేతులు రుద్దుకుంటూ.

"నేనెలా చెప్పగలనండి? నేను చూసింది వట్టి కంటితో. అది చెల్లదు కదా."

పీతాంబరం గారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. "నిబంధన నాలుగు" అన్నారు.

సచ్చిదానందం గారు శాలువాలోకి దూరారు. చిలకమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈయనకి ఈ రోజే అద్దం సంగతి అర్థమైతే నా పని అయిపోయినట్లే.

"కుడివైపే ఉంది!" అని కేక వినబడింది శాలువాలోంచి. "కొట్టు, బోర్డు, రెండూ కుడివైపే. అరే, కొండ కూడా మారినట్లుందే!"

పీతాంబరం గారు గాభరాగా వెళ్ళి చూశారు. "కొండ రెండో దశ కదండీ" అన్నారు బయటికొచ్చి.

"గడువు కంటే ముందే పూర్తయిందన్నమాట" అన్నారు సచ్చిదానందం గారు. ఉద్యోగ జీవితంలో గడువుకి ముందు పూర్తయిన పనిని ఆయన అదే మొదటిసారి చూడటం. మిగతా సభ్యులూ ఒక్కొక్కరే చూసి, తరలింపు సంపూర్ణంగా జరిగిందని ధ్రువీకరించారు.

ఒక సభ్యుడు మాత్రం నసిగాడు. "ఇది మొదట్లో చూసినట్లే ఉందండీ."

"ఆమోదించినట్లే ఉంది. అదే కదా మనకు కావలసింది" అన్నారు పీతాంబరం గారు.

జేసీబీని వెనక్కి పంపేశారు. డ్రైవరు గ్లాసు కడిగి ఇచ్చి వెళ్ళాడు. మండలి సభ్యులు కుడివైపుకి మారిన కొట్టు దగ్గరికి, అంటే ఎడమవైపుకి, నడిచి వెళ్ళి టీ తాగారు. కొత్త చోట టీ మరింత బాగుందని సచ్చిదానందం గారు అన్నారు. చిలకమ్మ ఇంకో అల్లం ముక్క దంచి వేసి, "ఇక్కడ గాలి తగల్దు కదా బావూ" అంది. తలొంచుకుని పొయ్యి ఊదింది. కళ్ళలో నీళ్ళు పొగవల్ల వచ్చాయని నేను అనుకోను.

ఇక మిగిలింది ఫోటో. తీసి ప్రింటు వేస్తే కొట్టు మళ్ళీ ఎడమవైపుకి వచ్చేస్తుంది, అప్పుడు అనుమతి లేకుండా వెనక్కి వచ్చినందుకు చిలకమ్మ మీద కేసు. అందుకని నేనే చేతులు కట్టుకుని మనవి చేశాను. "సార్, కడిగేటప్పుడే ఈ ఫిల్ము కుడి ఎడమలు పాడు చేస్తోంది. ఆమోదించిన దృశ్యం కెమెరాలో భద్రంగా ఉంది. దాన్ని ఫిల్ముకి అప్పగించడం ఎందుకు?"

మండలి ఆలోచించి, ప్రజాధనం ఆదా అవుతుందని ఒప్పుకుంది. అప్పటినుంచి శీతాకాల ఛాయాచిత్రణ ఫిల్ము లేకుండా జరుగుతోంది. సభ్యులు వచ్చి, చూసి, ఆమోదించి, టీ తాగి వెళ్తారు. నేను బటను నొక్కుతాను. చప్పుడు బాగానే వస్తుంది.

అయితే కేలండర్ అచ్చుకి వెళ్ళే వేళకి పుష్యమాసం పేజీకి బొమ్మ లేదు. ప్రెస్సువాళ్ళు ఎన్నిసార్లు అడిగినా ఫైలు మీద "దృశ్యము ఆమోదించబడినది" అనే జవాబే వచ్చింది. చివరికి వాళ్ళు తెల్లటి పేజీ వేసి, కింద "చలిపాడులో మంచు, మీడియం ఫార్మాట్ ఛాయాచిత్రం" అని అచ్చు వేసేశారు.

మిగతా పేజీలను ఎవరూ పట్టించుకోలేదు. అంత మంచు ఇంతవరకూ ఏ కెమెరాకీ దొరకలేదని సలహాదారు స్వయంగా ఉత్తరం రాశాడు. చూస్తుంటేనే చలేస్తోందని సచ్చిదానందం గారు ఆ పేజీని గది నుంచి వరండాలోకి మార్పించారు. టూరిస్టులు ఆ పేజీ చేత్తో పట్టుకుని చలిపాడు మలుపులో నిలబడి, లోయనీ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, అచ్చు ఇలాగే ఉందని మురిసిపోయారు. చిలకమ్మకు టీ పొడి చాలడంలేదు.

ఆమెకి ఒక కేలండర్ ఇద్దామని నేనూ వెళ్ళాను. ఆమె ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో నా కొట్టెక్కడుంది బావూ?"

"మంచులో ఉంది."

"కుడేపా, ఎడమేపా?"

"అది తెలియనంతకాలం నీకేం భయం లేదు."

సంచిలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాను. నా మొదటి ప్రింటు. ఎడమవైపు కొండ, ఎడమవైపు కొట్టు, పొయ్యి పొగలో వంగి టీ వడబోస్తూ ఆమె. చిలకమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది. తర్వాత లోపల రాతి నెర్రెలో మేకు కొట్టి తగిలించింది. ఇప్పుడు ఎవరు వెళ్ళినా ముందు ఆ ఫోటో చూపించి, ఆ తర్వాతే టీ ఇస్తుంది.

కింద మలుపులో మండలి జీపు మోత వినబడితే మాత్రం, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఫోటోను రాతివైపుకి తిప్పేస్తుంది.